బెల్టు మీద ఆకాశం

మా టౌన్‌షిప్‌లో వానాకాలం వచ్చిందంటే ఆకాశం లాంగ్ లీవు పెట్టేస్తుంది. జూన్‌లో కొండ మీద కూర్చున్న మబ్బు దసరా దాకా లేవదు. పైన నల్లమబ్బు, కింద ఎర్రనీళ్ళు, మధ్యలో మూడు షిఫ్టుల మనుషులం మేము. ఆ ఏడాది మాత్రం మా ముందుగదిలోనే ఒక ఆకాశం తయారైంది. అందులో చుక్కలున్నాయి, మబ్బులున్నాయి, ఒక మూల గ్రహం కూడా ఉంది. గ్రహం ఉన్నచోట గ్రహపాటు ఉండకపోతుందా అని అప్పట్లో ఎవరికీ తోచలేదు. రోజూ మాటల్ని విరగ్గొట్టి చూసే నాకు కూడా తోచలేదు.

నన్ను చక్రధరరావు అంటారు. కన్వేయరు బెల్టు సెక్షన్లో జాయింట్లు వేస్తాను. మా బస్తరు కొండ మీంచి ఇనపరాయిని కిందికి దించే బెల్టు ఎక్కడ తెగితే అక్కడ అతికించడం నా ఉద్యోగం. ఎక్కడ నలుగురు చేరితే అక్కడ నవ్వించడం నా రోగం. యూనియన్ మీటింగైనా, రిటైర్మెంటు సభైనా మైకు నాకే ఇస్తారు. "కంపెనీ అంటే ఏమిటయ్యా? కంపు నీది, ఇనుము వాళ్ళది" అన్నది నేనే. ఆ మాటకి చప్పట్లు కొట్టినవాళ్ళలో మేనేజర్లూ ఉన్నారు. కొడితే వాళ్ళకేం పోయింది, ఇనుము వాళ్ళ దగ్గరే ఉందిగా.

మా తమ్ముడు సత్యమూర్తి నా క్వార్టర్లోనే ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. గనిలో జాక్‌హామర్ మనిషి. పేలుడుకి కూడా పగలని మొండిరాళ్ళకి చిల్లులు వేయడం వాడి పని. ఆ యంత్రం రాయిని ఎంత కొడుతుందో, పట్టుకున్న చేతినీ అంతే కొడుతుంది. రాయి ఒకసారి పగిలి ఊరుకుంటుంది. చెయ్యి మర్నాడు మళ్ళీ డ్యూటీకి పోవాలి. ఆ ఏడు వానలు పట్టుకునేసరికి వాడి కుడిచేతి వేళ్ళు చలికి సుద్దముక్కల్లా తెల్లబడడం మొదలైంది. ఆ తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత వణుకు. టీ గ్లాసు కింద సాసరు చప్పుడు చేస్తుందని సాసరు మానేశాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తలుపు వేసుకునేవాడు.

ఆసుపత్రిలో మెడికల్ బోర్డు కూర్చుంది.

"మెడికల్ అన్న మాటలో ముందే మెడ పెట్టారు చూశావా, కొయ్యడానికి వీలుగా ఉంటుందని" అన్నాను, బయట బెంచీ మీద.

"నువ్వు ఊరుకో అన్నయ్యా. లోపలికి వినబడతాది" అన్నాడు సత్యం.

బోర్డు తేల్చింది ఇది. జాక్‌హామర్ ఇక ముట్టుకోకూడదు. మీటర్లు బాగుచేసే సెక్షన్లో ఒక ఖాళీ ఉంది. అక్కడ చిన్న చిన్న మరలు, వెంట్రుకల్లాంటి తీగలు. వేళ్ళు ఆ పనికి వస్తే అక్కడికి మారుస్తారు. రాకపోతే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపుతారు. విశ్వకర్మ పూజ అయ్యాక మళ్ళీ చూస్తాం, ఈలోగా వేళ్ళకి ఏదైనా సున్నితమైన పని అలవాటు చెయ్యి అన్నాడు డాక్టరు. మంచివాడే. వెళ్ళేటప్పుడు భుజం తట్టాడు.

ఇంటికి పంపితే ఏ ఇంటికి పోతాం? విజయనగరం పక్క మా ఊళ్ళో మాకు ఇల్లు పోయి ఇంటిపేరు మిగిలింది.

సున్నితమైన పని దానంతటదే మా గుమ్మం ఎక్కింది, ఒక ఆదివారం పొద్దున్న, రెయిన్‌కోటు వేసుకుని. పేరు రాజేశ్వరరావు. సత్యం పనిచేసే గనికి కొత్తగా వచ్చిన ఇంజనీరు. హైదరాబాదు అబ్బాయి. పెద్ద ఇంజనీరన్న బింకం ఇంకా మొలవలేదు. చేతిలో బిస్కెట్ల రేకుడబ్బా. మూత తీస్తే లోపల దూది, దూదిలో బొటనవేలంత లోహపు బొమ్మలు, ఒక్కొక్కటీ సన్నటి కాడ మీద నిలబెట్టి ఉంది.

మా అమ్మ అప్పలకొండమ్మ తొంగిచూసింది. "ఇవేటి బాబూ, టపాకాయలేటి?"

"ఓడలండీ అమ్మగారూ. అంతరిక్షంలో తిరిగే ఓడలు. రంగులు నేనే వేసుకున్నాను."

"నీళ్ళు నేకండా ఓడలేటి నాయినా!"

"ఆటలెండి. ఇటు కొన్ని, అటు కొన్ని. పాచికలు వేసి, స్కేలుతో కొలిచి జరుపుతాం. ఎదురుపడితే యుద్ధం."

"ఓడలాట అంటున్నారు కాబట్టి ఎవరో ఒకరు ఓడాలి కదండీ" అన్నాను నేను.

ఆ అబ్బాయి పకపకా నవ్వాడు. నా మాటకి మొదటిసారే నవ్వేవాళ్ళంటే నాకు ప్రాణం. "ప్రతివారం నేనే ఓడుతున్నానండీ. క్లబ్బులో టీటీ బల్ల మీద నల్ల దుప్పటి పరిచి ఆడుతున్నాం. దుప్పటి ముడతపడితే నా ఓడలే బోర్లా పడతాయి. డాక్టరుగారి అదృష్టం, ఆయనవి పడవు."

"ఏ డాక్టరుగారు?" అంది నా భార్య పార్వతమ్మ, వంటింట్లోంచి.

బోర్డులో కూర్చున్న డాక్టరే.

గదిలో అందరం ఒక్కసారి సత్యం చేతివైపు చూశాం. వాడు దాన్ని లుంగీ మడతలోకి తోసేసుకున్నాడు.

రాజేశ్వరరావు ఆ సంగతి ఎరిగే వచ్చాడు. "దుప్పటి బదులు బల్ల మీద కదలకుండా పడుండే నల్లటిదేదో కావాలి సత్యమూర్తిగారూ. దాని మీద నిండా చుక్కలు. నిజం ఆకాశంలా ఉండాలి. మీరు చేసిపెట్టండి. పూజ రోజు క్లబ్బులో పరుద్దాం. అందరూ వస్తారు. డాక్టరుగారు దాని మీదే ఆడతారు. మీ చెయ్యి ఏం చేయగలదో ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు."

"నా సేత్తో అవుతాదంటారా సార్?" అన్నాడు సత్యం. సారు ముందు ఎప్పుడూ 'చేత్తో' అనేవాడు, ఆవేళ మా అమ్మ మాట వచ్చేసింది.

నల్లటిది, కదలనిది, ముడతపడనిది. బస్తరంతా వెతికినా నాకంటే బాగా ఎవరు తేగలరు? అరిగిపోయిన కన్వేయరు బెల్టు ముక్కలు మా సెక్షన్ వెనక గుట్టలుగా ఉంటాయి. గేటు పాసు రాయించుకుని తెచ్చుకుంటే ఎవరూ అడగరు. ప్రతి క్వార్టర్ గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా అదే, మేకల పాక మీద కప్పూ అదే. టీటీ బల్లలో సగానికి సరిపడే ముక్క కోయించాను. మందం మొత్తం తెస్తే దాని బరువుకి బల్ల కూలుతుంది. అందుకని జాయింటు వేసేటప్పుడు ఒలిచినట్టే కత్తితో పొర ఒలిచాను. లోపలి గుడ్డపొరలు అక్కడే వదిలి, పై రబ్బరు తోలు మాత్రం చుట్టచుట్టి భుజాన వేసుకొచ్చాను.

కడగడం మొదలుపెట్టాక తెలిసింది సంగతి. ఎన్ని బకెట్లు పోసినా ఎర్రనీళ్ళే. కొండనంతా మోసిన బెల్టు, అంత తేలిగ్గా వదులుతుందా? "నా కొత్త చీపురు ఎర్రజెండా అయిపోయిందండీ, మీ యూనియనాఫీసులో పాతుకోండి" అంది పార్వతమ్మ. నా పక్కన ఉండి ఉండి ఆవిడకీ అంటుకుంది.

కడిగి, తీగబ్రష్షుతో గరుకు పెట్టి, ముందుగదిలో పరిచాం. కుర్చీలు వరండాలోకి పోయాయి. వచ్చినవాళ్ళు గోడవారగా నడవాలి.

సత్యం మొదట సన్నటి బ్రష్షుతో మొదలుపెట్టాడు. ఒక్కొక్క చుక్కా పెట్టాలని. ఒక చుక్క పెట్టాడు, అది వానపాము అయింది. రెండోది పెట్టాడు, అది దాని పిల్ల అయింది. తుడిచాడు, మరక మీద నల్లరంగు పూశాడు. మళ్ళీ పెట్టాడు. మూడో రోజు బ్రష్షు గోడకేసి కొట్టాడు. ఎనామెల్ రంగు నా పంచె మీద పడింది.

"తారలు తారుమారయ్యాయి" అన్నాను.

"నీకు అన్నీ నవ్వులాటే అన్నయ్యా. ఉద్యోగం నీదయితే తెలుస్తాది."

ఆ మాట తర్వాత రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు.

దారి చూపించింది రాజేశ్వరరావే. పాత టూత్‌బ్రష్షు తెచ్చాడు. "ఇదివరకు హాస్టల్లో ఇలా చేశామండీ. రంగులో ముంచి, దులపడమే. ఒక్కొక్కటీ పెట్టకూడదు. మనిషి పెడితే మనిషి పెట్టినట్టే ఉంటుంది. వాటంతటవే పడాలి."

ముందు నేను దులిపాను. బెల్టు జాయింట్లు వేసే చెయ్యి నాది, బండలా కదలదు. ఒక్క ముద్ద టప్పుమని పడింది, కాకి వేసినట్టు. తర్వాత సత్యం తీసుకున్నాడు. ఏమీ చెయ్యలేదు. బ్రష్షుని పుల్లకి కట్టి రబ్బరు మీద ఊరికే పట్టుకున్నాడు. వాడి చెయ్యి దాని పని అది చేసుకుంది. సన్నగా, మంచు రాలినట్టు తెల్లటి తుంపర. ఒకచోట ఒత్తుగా, ఒకచోట పల్చగా, మధ్యమధ్య ఒక పెద్ద చుక్క. చెయ్యి అటు జరిపాడు, ఇటు జరిపాడు. నల్లరబ్బరు మీద చూస్తుండగానే లోతు వచ్చేసింది. కాలు పెడితే పడిపోతామేమో అన్నంత లోతు.

"సార్!" అన్నాడు సత్యం.

"కదపకండి, అలాగే, అలాగే వణకనివ్వండి" అన్నాడు రాజేశ్వరరావు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

సత్యం నవ్వేశాడు. "ఇన్నాళ్ళకి దీన్ని వణకమన్నవారు మీరొక్కరే సార్."

నాతో మాటలు కలిసింది కూడా అప్పుడే. ఆ వారమంతా వాడు ఆకాశంలోనే ఉన్నాడు. స్పాంజి ముక్కతో నీలం మబ్బు అద్దాడు, ఒక మూల గుండ్రంగా గ్రహం అద్దాడు. మా కొండ మీద నీలిపొడి అని ఒకరకం ఇనపమన్ను దొరుకుతుంది, వేలికి అంటితే వెండిలా మెరుస్తుంది. అది చిటికెడు టిఫిన్ డబ్బా మూతలో తెచ్చాను. వార్నిష్‌లో కలిపి అడ్డంగా ఒక పాలపుంత లాగాడు. ఇన్నేళ్ళలో ఆ కొండ నుంచి మా ఇంటికి వచ్చిన ఇనుము అంతే.

అమ్మకి మాత్రం అది నచ్చలేదు. గోడవారగా నడుస్తూ, ఆగుతూ, చూసేది.

"ఏట్రా ఇది. కోడి రెక్కలు దులిపినట్టున్నాది."

"ఆకాశం అలాగే ఉంటాదమ్మా."

"ఆకాశం దేవుడు సేసినాడు, ఆయన్నడిగీవోడు ఎవుడూ నేడు. నిన్ను డాక్టరడుగుతాడు."

ఆవిడకి ఇంకో బాధ కూడా ఉంది. వానలు మొదలైనప్పట్నుంచి వాకిట్లో ముగ్గు లేదు. పెట్టడం, కొట్టుకుపోవడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ కొట్టుకుపోవడం. ఆఖరికి ఊరుకుంది. ముగ్గుగిన్నె కిటికీలో తడిసి గట్టిపడిపోయింది. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక తలుపు దగ్గర నిలబడేది.

పూజకి ముందురోజు నాకూ పగటి డ్యూటీయే. సత్యాన్ని టూల్‌రూమ్‌లో కూర్చోబెట్టేవాళ్ళు, నట్లు ఏరడానికి. పార్వతమ్మ పూజకి పూలూ పళ్ళూ తేవడానికి పక్క ఊరు బచేలీలో బజారుకి పోయింది. సాయంత్రం మేమిద్దరం గొడుగులు మూసి గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ గది మధ్యలో కూర్చుని నడుం పట్టుకుంటోంది. చీర అంచుకి తెల్లరంగు.

"రండి రండి. తొక్కకండి, ఆర్నేదు."

చూశాను. సత్యం చల్లిన తుంపర లేదు. పొద్దున్న మేం వెళ్ళగానే మిగిలిన నల్లరంగు పల్చగా పూసి ఆవిడ దాన్నంతా మూసేసింది. నీలం మబ్బునీ, గ్రహాన్నీ, పాలపుంతనీ వదిలిపెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చుక్కలు పెట్టింది. వరసలు వరసలుగా. వరసకీ వరసకీ మధ్య సందు చుక్క. అరవై ఏళ్ళుగా ముగ్గులు పెట్టిన వేళ్ళు, స్కేలు పెట్టి కొలిచినా ఒక్కటి పక్కకి జరగలేదు. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ పోయే ఆకాశం.

"చెదురూ మొదురూ ఉన్నయ్యన్నీ సర్దీసినాను. అలగుంటే సెయ్యి వణికిందనీసి ఇట్టే కనిపెట్టీడా డాక్టరు? ఇప్పుడు సూడమను."

నేను సత్యం మొహం చూడలేదు. చూడకుండానే నోరు తెరిచాను. "అమ్మా, నక్షత్రాలకి కూడా క్రమశిక్షణ నేర్పించేశావే!"

సత్యం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, వరస వెంట ఆ చివరిదాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"బావుందమ్మా" అన్నాడు.

"బావుంటాదని నాకు తెలుసు. ఇదిగో, ఇక్కడొకటి ఒగ్గీసినాను సూడు." నడిమధ్య వరసలో ఒక ఖాళీ చూపించింది. "ఆకరి సుక్క నువ్వెట్టు నాయినా. ఆకరిది ఎవులెడితే పని ఆలదే. అప్పుడు నువ్వు సేసినావంటే అబద్దమవ్వదు."

"రేపు పొద్దున్న పెడతానమ్మా. ఇప్పుడు వేళ్ళు చల్లగా ఉన్నాయి."

వరండాలోకి వచ్చాక అడిగాను. "ఇంజనీరుకి చెప్పేద్దామా?"

"ఏటని? మా అమ్మ ఆకాశానికి ముగ్గెట్టీసిందనా?" గోడకి ఆనుకున్నాడు. "మళ్ళీ నలుపేసి మళ్ళీ చల్లితే ఈ వానలో తెల్లారేసరికి ఆరదు. అయినా అన్నయ్యా, మీటర్ల సెక్షన్‌కి కావాల్సింది ఇలాంటి చెయ్యే. నాది కాకపోతే ఏం, మా అమ్మదే కదా. ఇంటిపేరు ఒకటే."

పొద్దున్న పెడదామన్నది పొద్దున్న కుదరలేదు. ఇంజనీరు జీపు తెల్లవారగానే వచ్చేసింది. చుట్టచుట్టి ఎక్కించేశారు.

విశ్వకర్మ పూజ అంటే మా దగ్గర పెద్దపండగ. ఆ ఒక్కరోజు యంత్రాలు మనుషుల్లా, మనుషులు యంత్రాలు కానట్టూ ఉంటారు. డంపరు చక్రానికి బొట్టు, లేత్ మిషనుకి బంతిపూల దండ, నా బెల్టు మోటారుకి కొబ్బరికాయ. ఆడవాళ్ళనీ పిల్లల్నీ లోపలికి రానిస్తారు. పదకొండు గంటలకి క్లబ్బులో సభ. మైకు నా చేతిలో. అమ్మ పట్టుచీర కట్టుకుని, ఆడవాళ్ళ వరసలో బూందీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

టీటీ బల్ల మీద ఆకాశం పరిచారు. రాజేశ్వరరావు ఒక నిమిషం దాని కేసి, ఒక నిమిషం సత్యం కేసి చూశాడు. డబ్బాలోంచి ఓడలు తీసి వరసల మీద నిలబెట్టాడు. మంచి కుర్రాడు.

డాక్టరుది హిందీ, నేను తెలుగులో చెబుతున్నాను. లావుపాటి మనిషి, నవ్వితే బల్ల కదిలేది. "ఓహో! ఇది ఆకాశమా, గ్రాఫు కాగితమా! స్కేలు అక్కర్లేదు, చుక్కలు లెక్కపెట్టి ఓడ జరుపుకోవచ్చు. ఈ అయిడియా ఎవరిది?"

"మా తమ్ముడిది సార్" అన్నాను మైకులోనే.

"ఇంత తిన్నగానా!" వంగి, కళ్ళజోడు పైకెత్తి, దగ్గరగా చూశాడు. "సత్యమూర్తీ, నువ్వు మూడు నెలల్లో ఇంత బాగుపడ్డావా? శభాష్."

ఆ మాటకి మా అమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచింది. భాష రాకపోయినా 'శభాష్' అందరికీ వస్తుంది.

ఆట మొదలైంది. చుట్టూ జనం. డాక్టరు పాచికలు వేశాడు, తన పెద్ద ఓడని వరస వెంట ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టుకుంటూ తోశాడు. నడిమధ్య వరసలో ఆగాడు.

"ఇక్కడొకటి తగ్గిందే!"

చెదురుగా చల్లిన ఆకాశంలో ఒక చుక్క తగ్గిందని ఏ డాక్టరుకి తెలుస్తుంది? వరసలో నిలబెడితేనే ఖాళీ కనబడుతుంది.

"నా ఓడ సరిగ్గా ఖాళీలోనే ఆగింది చూడండి. సత్యమూర్తీ, ఒక్క చుక్క పెట్టెయ్యవయ్యా ఇక్కడ. నీ చేత్తో."

ఆయన మనసులో ఏ కుట్రా లేదు. ముచ్చటపడి అడిగాడు. ఓడలకి రంగులేసే సరంజామా పక్కనే ఉంది. ఎవరో తెల్లరంగు మూత తీశారు, ఎవరో సన్నటి బ్రష్షు అందించారు. సత్యం మా అమ్మవైపు చూశాడు. ఏం జరుగుతోందో ఆవిడకి అర్థమైంది. తను వదిలిపెట్టిన చుక్కే అడుగుతున్నారు. మొహమంతా వెలిగిపోతూ తలూపింది. పెట్టరా, పెట్టు.

బయట రేకుల మీద వాన. వాడి వేళ్ళు అప్పటికే తెల్లగా ఉన్నాయి. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. వంగాడు. బ్రష్షు వాడు అనుకున్న దానికంటే ముందే రబ్బరుని తాకింది, తాకి ఆగలేదు. ఒక గీత పక్క వరస దాకా పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది.

అందరూ చుక్కని చూస్తున్నారు. డాక్టరు చేతిని చూస్తున్నాడు.

"తోకచుక్క సార్!" అన్నాను నేను మైకులో. "ఇన్ని చుక్కలు తోక లేకుండా బుద్ధిగా ఉంటే ఒక్కదానికైనా తోక ఉండొద్దా!" అని హిందీలో కూడా చెప్పాను. హాలంతా గొల్లుమంది. సత్యం కూడా నవ్వాడు. డాక్టరు అందరికంటే ఆఖర్న నవ్వాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ బ్రష్షు తనే తీసుకున్నాడు. తీసుకోవడానికి ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

తర్వాత మళ్ళీ పాచికలు వేసుకున్నారు. ఆ ఆట కూడా డాక్టరే గెలిచాడు.

బోర్డు మళ్ళీ కూర్చున్నప్పుడు ఎక్కువసేపు కూర్చోలేదు. సత్యమూర్తి అన్‌ఫిట్. 'అన్' అనడానికి వాళ్ళున్నారు, 'ఫిట్' రావడానికి మేమున్నాం అని సెక్షన్లో ఎవరో నా బాణీలో అన్నారు. నేను నవ్వాను. నా సరుకు నాకే అమ్మితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

రాజేశ్వరరావు ఒక సాయంత్రం మా సెక్షన్‌కి వచ్చాడు. చాలాసేపు బెల్టు మోటారు గురించి మాట్లాడాడు. ఆఖరికి అన్నాడు. "డాక్టరుగారు ముందే అనుకున్నారటండీ. చెయ్యి పూర్తిగా కుదురుకోకపోయినా సరే, ఆ పని బాగుంటే మీటర్ల సెక్షన్‌లో ఆరునెలలు పెట్టి చూద్దామని. కానీ అందరిముందూ అలా అయ్యాక ఇక రాయలేనన్నారు."

"ఊఁ."

"ఆ ఆకాశం మాత్రం క్లబ్బులో అందరికీ తెగ నచ్చిందండీ. వరసలున్నాయి కదా, కొలవక్కర్లేదు. జగదల్‌పూర్‌లో ఆయన స్నేహితుడికి అలాంటిదే ఇంకొకటి కావాలంటున్నారు. అడగమన్నారు. నాకు అడగాలని లేదు."

నా చేతిలో పొరలు ఒలిచే కత్తి ఉంది. దాన్ని కింద పెట్టాను. "అడిగారుగా, చెబుతాను లెండి" అన్నాను.

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. కానీ క్వార్టర్ల గోడలు పలచన. రెండు రోజుల్లో పక్కింటావిడ మెచ్చుకోలుగా అమ్మకి చెప్పేసింది, మీ చుక్కలకి జగదల్‌పూర్ నుంచి ఆర్డరొచ్చిందటగా పిన్నీ అని. అమ్మ లోపలికి వచ్చి గోడకి చేరబడి కూర్చుందట. ముందుగది ఖాళీగా ఉంది. కుర్చీలు ఇంకా ఎవరూ లోపలికి తేలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. ఉద్యోగం లేకుండా నా మీద పడి తిననని సత్యం పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో మా మేనమామ కొడుకు కొట్టు వెనక ఒక గది ఇస్తానన్నాడు. సత్యంతో తనూ పోతానని అమ్మ ముందురోజే తేల్చేసింది. పార్వతమ్మ వడ్డిస్తోంది. వాన తెరిపిచ్చింది, చూరు నుంచి బొట్లు పడుతున్నాయి.

"సత్యం" అంది అమ్మ.

"ఏటమ్మా."

"నాను ఆ సుక్కలెట్టకపోతే, డాక్టరు నిన్ను ఎట్టమనీవోడా?"

నా దగ్గర అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. అడుగుతుందని తెలిసి తయారుచేసి పెట్టుకున్నవి, నవ్వొచ్చేవి రెండు, రానిది ఒకటి. నోరు తెరిచాను. సత్యం ముందు మాట్లాడాడు.

"అనీవోడు కాదమ్మా."

"మరేటనీవోడు?"

"దులపమనీవోడు."

"దులిపీవోడివా?"

"దులిపీవోణ్ణి."

పార్వతమ్మ గరిటె గిన్నెలో అలాగే ఉంచింది. నేను నా కంచంలోకి చూసుకున్నాను. అమ్మ ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు నేల మీద వేలితో రాసింది. తర్వాత చెరిపేసినట్టు అరచేత్తో తుడిచింది.

"తిను. సల్లారిపోతాది."

కొన్నాళ్ళుగా చెంచాతో తింటున్నవాడు, ఆవేళ చెంచా పక్కన పెట్టేశాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడంచేత్తో అన్నం కలపడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, కొత్తగా నేర్చుకునే పిల్లాడిలా మెతుకులు కంచం బయట పడేసుకుంటూ.

అమ్మ చూసింది. పప్పుగిన్నె వాడి ఎడంపక్కకి జరిపింది.